పట్టా వచ్చాక మొదటి రెండేళ్లు: థెరపిస్టులకు స్మారక స్కాలర్‌షిప్పు పెట్టేవాళ్లకు కొన్ని మాటలు

(సమావేశానికి రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేసిన పాఠం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకు వినిపిస్తోందాండీ? వినిపించకపోతే ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, మొహమాటపడకండి.

ఇవాళ ఇక్కడికి వచ్చినవాళ్లలో చాలామంది ఒక పేరు మనసులో పెట్టుకుని వచ్చారు. పోయిన అమ్మ పేరో, అన్నయ్య పేరో, చదువు చెప్పిన మేడం పేరో. ఆ పేరు మీద, కొత్తగా వృత్తిలోకి వచ్చే థెరపిస్టులకు ఏదో ఒకటి చెయ్యాలని. ఎంత ఇవ్వాలి, ఎవరికివ్వాలి, ఎప్పుడివ్వాలి, దేనికివ్వాలి. ఈ నాలుగింటిలో మనవాళ్లు మొదటిదానికి మాత్రం జవాబు సిద్ధం చేసుకుని వస్తారు. "పది లక్షలు పెడదామనుకుంటున్నామండీ." సంతోషం. దేనికి? "ఫీజుకి." ఫీజుకే ఎందుకు? "స్కాలర్‌షిప్పంటే ఫీజే కదండీ!"

కాదు. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఆ ఒక్క ముక్కే. మిగతాదంతా దాని చుట్టూ తిరిగే లెక్కలూ, కాగితాలూ.

చదువుతున్నన్నాళ్లూ పిల్లలు చెయ్యి చాపడానికి ఎన్నో కొన్ని చోట్లున్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంటు ఉంది, బ్యాంకు రుణం ఉంది, ఇంట్లో బంగారం ఉంది. అన్నీ చాలతాయని అనను, కానీ ఉన్నాయి. పట్టా చేతికొచ్చిన మర్నాడు? ఏమీ లేదు. అప్పటిదాకా తప్పు చేస్తే పక్కన ఒక టీచరు ఉండేది. ఇప్పుడు గదిలో తనూ, ఎదురుగా పేషెంటూ, తలుపు మూసి ఉంటుంది. ఆ మొదటి రెండేళ్లలో పడిన అలవాటే ముప్పై ఏళ్లు నడుస్తుంది. మంచిదైనా అంతే, చెడ్డదైనా అంతే. మీ డబ్బు చేరాల్సింది అక్కడికి.

ముందు థెరపిస్టు అంటే ఎవరో తేల్చుకుందాం. మన దగ్గర ఈ మాట చాలా వదులుగా వాడతారు. స్పీచ్ థెరపిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు, వీళ్లు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కిందికి వస్తారు, ఆర్‌సీఐ అంటాం. దాని చట్టం 1992 నాటిది. ఆ కౌన్సిల్ రిజిస్టర్లో పేరు లేకుండా వికలాంగులకు ఈ సేవలు చెయ్యడం నేరం. ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలు చూసి నవ్వకండి, 1992లో రాసిన అంకె అది. ఫిజియోథెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు 2021 నాటి అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం కిందికి వస్తారు. ఆక్యుపేషనల్ థెరపిస్టంటే తినడం, రాయడం, బట్టలేసుకోవడం లాంటి రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా సాయపడేవారు. పొట్టిగా ఓటీ అంటారు, ఆపరేషన్ థియేటర్ అనుకునేరు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, దరఖాస్తు ఫారంలో "థెరపిస్టులు అర్హులు" అని రాసి వదిలేశారనుకోండి, వారాంతపు కోర్సు చేసి సర్టిఫికెట్టు గోడకు తగిలించుకున్నవాళ్లూ వస్తారు. వాళ్లను తప్పు పట్టలేం, మీరు రాసింది అలా ఉంది. అలాగని డిగ్రీ పేరు రాసి బిగించెయ్యకండి. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే ఎం.ఫిల్. ఉండాలి అని చాలా ట్రస్టు డీడుల్లో (ట్రస్టు నియమాలు రాసిన పత్రాల్లో) ఉంటుంది. ఏమైంది? 2022లో విశ్వవిద్యాలయాల మీద ఉండే యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చి అసలు ఎం.ఫిల్. డిగ్రీనే ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీకి కొంతకాలం మినహాయింపు ఇచ్చారనుకోండి, కానీ దారి మారిపోయింది. డీడులో డిగ్రీ పేరు ఉంటే పదేళ్ల తర్వాత మీ స్కాలర్‌షిప్పుకు అర్హులే ఉండరు. "ఆ రోజుకు అమల్లో ఉన్న చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉన్నవారు, లేదా రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేసుకున్నవారు" అని రాయండి, చాలు. ఆ రెండోది మర్చిపోకండి. పట్టా రావడానికీ రిజిస్ట్రేషన్ నంబరు రావడానికీ మధ్య నెలలు గడుస్తాయి, సరిగ్గా ఆ నెలల్లోనే వాళ్లకు చేతిలో డబ్బుండదు.

కౌన్సిలర్ల సంగతేంటి అని అడుగుతున్నారు ముందు వరసలో అమ్మగారు. మంచి ప్రశ్న. ఎం.ఏ., ఎం.ఎస్సీ. సైకాలజీ చేసి కౌన్సిలింగు చేస్తున్నవాళ్లు మన ఊళ్లలో చాలామంది. క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకునే హక్కు వాళ్లకు లేదు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ మాటకు నిర్వచనం ఇచ్చేసింది. కానీ సూపర్‌విజన్ (అదేంటో ఇప్పుడే చెబుతాను) అవసరం అందరికంటే వాళ్లకే ఎక్కువ. నా అభిప్రాయం అడిగితే వాళ్లను చేర్చుకోండి, తాము ఏ పని చెయ్యకూడదో వాళ్ల చేత రాయించుకుని మరీ చేర్చుకోండి.

ఇక సూపర్‌విజన్. ఈ మాట వినగానే పెత్తనం గుర్తొస్తుంది మనకు. అది కాదు. అనుభవమున్న థెరపిస్టు వారానికో గంట కూర్చుని, కొత్తవాళ్లు చేసిన పని చూసి, విని, ఎక్కడ దారి తప్పిందో చెప్పడం.

ఆ గంటలో ఏం జరుగుతుందో ఒకటి చూపిస్తాను. ఎవరి కథా కాదు, రోజూ జరిగే పొరపాటే. ఏడేళ్ల బాబు, రెండో తరగతి. "ళ" పలకడు. కళ్ళు అనమంటే కల్లు అంటాడు. చూశారా, మీరూ నవ్వారు. ఇంట్లోనూ నవ్వుకుని ముద్దుగా ఉందని ఊరుకున్నారు, ఏడేళ్లొచ్చేదాకా తీసుకురాలేదు. కొత్త థెరపిస్టు బొమ్మల కార్డులు పెట్టుకుంది. ఆమె చదువుకున్న పుస్తకంలో ఇంగ్లీషు పద్ధతి: శబ్దం మాట మొదట్లో, మధ్యలో, చివర్లో వచ్చేలా మూడు గళ్లు నింపాలి. తెలుగులో "ళ"తో మొదలయ్యే మాట ఏది? లేదు. చివర్లో? మన మాటలు ఎక్కువగా అచ్చుతోనో సున్నాతోనో ముగుస్తాయి, కాబట్టి అక్కడా దొరకదు. మూడు గళ్లలో రెండు ఖాళీ. ఉన్నదంతా మధ్యలోనే: నీళ్ళు, తాళం, పళ్ళెం, గోళీ. దాన్ని మళ్లీ విడగొట్టుకోవాలి, ఒంటి "ళ" ఎక్కడ, జంట "ళ్ళ" ఎక్కడ, ముందున్న అచ్చు ఏది అని. ఇది ఏ పుస్తకంలో ఉంటుంది? ఎక్కువగా పెద్దవాళ్ల అనుభవంలో ఉంటుంది.

సరే, ఇరవై కార్డులు తయారయ్యాయి. సెషన్ అయ్యాక నోట్సులో రాసింది: ఇరవైకి పదహారు ఒప్పు. తల్లి సంతోషం, పిల్లాడికి చాక్లెట్టు. సూపర్‌వైజర్ రికార్డింగు పెట్టి చూసింది. ఏముందందులో? ప్రతి కార్డుకూ ముందు థెరపిస్టే మాట అంటోంది, పిల్లాడు వెనకే అనుకరిస్తున్నాడు. "ఈసారి నువ్వేమీ అనకు, కార్డు మాత్రం చూపించు" అంది. మర్నాటి సెషన్లో ఎంత వచ్చింది? ఇరవైకి అయిదు. పదహారు ఎక్కడ, అయిదు ఎక్కడ? ఆ తేడా పట్టుకోకపోతే నెల తిరక్కుండా "బాగైపోయాడు" అని పంపించేస్తారు. బడికెళ్లి మళ్లీ కల్లే అంటాడు. మీ డబ్బుతో కొనేది ఆ తేడాను పట్టుకునే కన్ను.

కౌన్సిలింగులో కూడా ఇంతే. ఒకావిడ "గుబులుగా ఉందమ్మా" అంటుంది. ఇంకొకాయన "దిగులు" అంటాడు. మరొకరు "బెంగ పెట్టుకున్నాను" అంటారు. మూడింటికీ నోట్సులో ఇంగ్లీషులో ఒకే మాట రాసి పడేస్తే? గుబులు రాబోయేదాని గురించి. దిగులు అయిపోయినదాని గురించి. బెంగ దూరమైన మనిషి గురించి. గీత గీసినట్టు ఉండదనుకోండి, ఊరిని బట్టి మారుతుంది. కానీ అడిగి తెలుసుకోవాలని తట్టాలి కదా? అందుకని సూపర్‌వైజర్‌కు తెలుగు రావాలి. ఆన్‌లైన్లో ఢిల్లీ నుంచో బెంగళూరు నుంచో పెద్ద పేరున్నవాళ్లు దొరుకుతారు, కాదనను. కానీ సెషన్ తెలుగులో నడిస్తే, దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పేటప్పుడు అసలు విషయం కొంత అక్కడే జారిపోతుంది. నెలకు నాలుగు గంటల్లో మూడు తెలుగు తెలిసినవాళ్ల దగ్గర, ఒకటి బయటి నిపుణుల దగ్గర పెట్టండి.

ఇప్పుడు లెక్క. కాగితం కలం ఉంటే తీయండి. పది లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్లో పెట్టారు, ఏడు శాతం వడ్డీ అనుకుందాం. ఏటా 70,000. ధార్మిక ట్రస్టుకు పన్ను మినహాయింపు నిలవాలంటే ఆదాయంలో 85 శాతం ఖర్చు పెట్టాలి. అంటే 59,500. మిగిలిన 10,500 మూలధనంలో కలుపుకోవచ్చు. సూపర్‌విజన్ గంటకు వెయ్యి రూపాయలు అనుకోండి, ఇది నేను లెక్క కోసం చెబుతున్న అంకె, మీ ఊళ్లో ఎంతో కనుక్కోండి. పండగలూ సెలవులూ పోను ఏడాదికి 40 వారాలు. 40,000. ఇంకా 19,500 ఉంటుంది. అందులో రిజిస్ట్రేషన్ ఖర్చు, పరీక్ష సామగ్రి, రానూపోనూ ఛార్జీలు. అంటే పది లక్షలతో ఏడాదికి ఒక్క మనిషిని చక్కగా నిలబెట్టొచ్చు. ఒక్క మనిషినే. ఇక్కడే ఇళ్లలో గొడవ వస్తుంది. "ఒక్కళ్లకేనా? పదిమందికి పంచుదాం." పంచితే ఒక్కొక్కరికి 5,950. దాంతో ఏం చేస్తారండీ? ఫొటో దిగి ఇంటికెళ్తారు.

ఇంకో చిక్కు. పన్నెండేళ్ల తర్వాత గంటకు వెయ్యే ఉంటుందా? ధర ఏటా ఆరు శాతం పెరిగితే పన్నెండేళ్లలో రెట్టింపు, గంటకు రెండు వేలు. మీ మూలధనం ఎంతైంది? ఏటా పదివేల చిల్లర కలుపుతూ పోతే పదకొండు లక్షల ముప్పై వేలు దాటి ఉంటుంది. వడ్డీలో ఖర్చు పెట్టగలిగేది 67,000 చిల్లర. అంటే ముప్పై మూడు గంటలు, మిగతా ఖర్చులకు పైసా లేదు. నలభై గంటలతో మొదలుపెట్టిన స్కాలర్‌షిప్పు ముప్పై మూడుకు వచ్చింది, ఎవరూ ఏ తప్పూ చెయ్యకుండానే. "శాశ్వత నిధి" అని రాతిమీద చెక్కించే ముందు ఈ లెక్క చూసుకోండి.

మరి శాశ్వతమే కావాలా? పదేళ్లు గట్టిగా నడిపి ఆపేస్తే తప్పేంటి? అదే పది లక్షలు, అదే ఏడు శాతం, అసలూ వడ్డీ కలిపి పదేళ్లలో కరిగిస్తే ఏటా దాదాపు 1,42,000 వస్తుంది. ఏటా ఇద్దరు, పదేళ్లకు ఇరవైమంది. నన్నడిగితే చిన్న నిధులకు ఇదే మేలు. కానీ జాగ్రత్త, ట్రస్టుకు ఇచ్చేటప్పుడు "కార్పస్" (ఖర్చు పెట్టకుండా నిలవుంచే మూలధనం) అని ఉత్తరంలో రాస్తే దానికి వేరే నియమాలు. రాయకపోతే ఇచ్చిన మొత్తం ఆ ఏడాది ఆదాయం కింద పడి, 85 శాతం లెక్క మొదలవుతుంది. ప్రత్యేకమైన పనికని చెప్పి దాచుకున్నా అయిదేళ్లే గడువు. సులువైన దారి ఒకటుంది: డబ్బు మీ పేరు మీదే డిపాజిట్లో ఉంచుకుని, ఏటా ఆ ఏడాదికి కావాల్సింది మాత్రం సంస్థకు విరాళంగా ఇవ్వండి. వడ్డీ మీద పన్ను మీరు కట్టాల్సి వస్తుంది, అది ఒప్పుకోవాలి. ఆడిటర్‌తో కూర్చుని మీ శ్లాబుకు ఏది లాభమో చూసుకోండి.

అలాగే సొంత ట్రస్టు పెట్టాలా అంటే, పది ఇరవై లక్షలకు వద్దంటాను. డీడు రిజిస్ట్రేషను, పాన్, 12ఎ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (విరాళం ఇచ్చేవాళ్లకు పన్ను మినహాయింపు), ఏటా రిటర్ను, ఆడిట్, విరాళాల వివరాలు మే 31లోగా ఫారం 10బిడిలో, తర్వాత దాతలకు 10బిఇ అనే సర్టిఫికెట్టు. మొదటిసారి ఇచ్చే రిజిస్ట్రేషన్ తాత్కాలికం, ఆ తర్వాతా కొన్నేళ్లకోసారి పునరుద్ధరణ. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి సెక్షన్లు, ఫారాల నంబర్లు కూడా మారాయి, నేను చెబుతున్నవి అందరికీ అలవాటైన పాత నంబర్లు, పాత కాగితం చూసి నింపేయకండి. ఇదంతా చేసేవాళ్లు మీ ఇంట్లో ఉన్నారా? ఇప్పుడున్నారు సరే, పదేళ్ల తర్వాత? పెద్దాయన ఉన్నంతకాలం నడిచి, తర్వాత బ్యాంకు ఖాతా కేవైసీ దగ్గర ఆగిపోయిన ట్రస్టులు చాలా ఉంటాయి.

అప్పటికే ఉన్న సంస్థలో మీ నిధి పెట్టండి. థెరపిస్టులను తయారుచేసే కాలేజీ కావచ్చు, పిల్లల కేంద్రం నడిపే సొసైటీ కావచ్చు. పెట్టేటప్పుడు రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. మీ డబ్బు వేరే డిపాజిట్‌గా ఉండాలి, ఆ డిపాజిట్ నంబరు ఒప్పందంలో ఉండాలి. ఏటా ఏప్రిల్లో వడ్డీ ఎంత వచ్చింది, ఎవరికి ఎంత వెళ్లింది అన్నది ఒక పేజీలో ఇవ్వాలి. నిర్వహణ ఖర్చు కింద ఎంత శాతం తీసుకుంటారో ముందే తేలాలి. ఆ సంస్థ కోర్సు మూసేస్తే, డబ్బు ఎక్కడికి పోవాలో రాసుండాలి. ఈ చివరిది ఎవరూ రాయరు, అడగడానికి మొహమాటం. పెళ్లి మాటల్లో విడాకుల సంగతి ఎత్తినట్టు ఉంటుంది కదా! కానీ ఎత్తాలి.

నగదు విషయం. రెండు వేలకు మించి నగదుగా ఇస్తే 80జి మినహాయింపు రాదు. బంధువులు సంతాప సభలో కవర్లలో పెట్టి ఇస్తారు, వాటిని పోగుచేసి ఒకేసారి కడతారు, తర్వాత రసీదు కావాలంటారు. సంతాప సభ రోజే ఒక క్యూఆర్ కోడు పెట్టేయండి, ఎవరి ఖాతా నుంచి వారికే రసీదు వెళుతుంది.

ఇంకొకటి, మనసు కష్టపెట్టుకోకండి. "మా కులం పిల్లలకే" అని షరతు పెడితే 80జి రాదు. ఒక కులానికో మతానికో మాత్రమే అని రాసుకున్న సంస్థకు ఆ మినహాయింపు లేదు. ఎస్సీ, ఎస్టీ, వెనకబడిన తరగతులు, స్త్రీలు, పిల్లలు, వీళ్ల మేలు కోసమన్నది వేరే సంగతి, ట్రస్టు పన్ను మినహాయింపు నియమం దగ్గర వాళ్లకు వెసులుబాటు ఉంది.

అమెరికాలో ఉన్న పిల్లల డబ్బు గురించి తప్పకుండా అడుగుతారు, నేనే చెప్పేస్తాను. అబ్బాయి దగ్గర ఇప్పటికీ భారత పాస్‌పోర్టే ఉంటే, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపిస్తే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాడా, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఇక్కడి ఖాతాలోంచి రూపాయల్లో ఇచ్చినా విదేశీ విరాళమే. చాలామంది బోల్తాపడేది ఇక్కడే, "రూపాయల్లోనే ఇచ్చాడు కదండీ" అంటారు. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేని సంస్థ ఆ డబ్బు తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ కూడా ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తీసుకుని ఇంకో సంస్థకు బదలాయించడం కూడా కుదరదు. అందుకని అక్కా తమ్ముడూ కలిసి నిధి పెట్టేటప్పుడు, తమ్ముడు అక్కడి పౌరుడైతే, సంస్థను ఎంచుకునే ముందే దానికి ఎఫ్‌సీఆర్‌ఏ ఉందో లేదో చూడండి. డబ్బు పంపాక కాదు.

డబ్బు ఎలా చేతికివ్వాలి? ఒకేసారి చెక్కు ఇవ్వకండి. అరవై వేలు ఒక్కసారి ఇంట్లోకొస్తే అది ఇంటిది అయిపోతుంది. చెల్లెలి ఫీజుకో, నాన్న మందులకో వెళ్తుంది. వాళ్ల తప్పు కాదు, అవసరం అలాంటిది. సూపర్‌విజన్ సొమ్ము మూడు నెలలకోసారి నేరుగా సూపర్‌వైజర్ ఖాతాకు. మిగతాది థెరపిస్టుకు, రెండు విడతల్లో. సూపర్‌వైజర్‌కు చెల్లించేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి: ఒక ప్రొఫెషనల్‌కు ఏడాదిలో 50,000 దాటి చెల్లిస్తే సంస్థ పది శాతం టీడీఎస్, అంటే ఇచ్చేటప్పుడే మినహాయించే పన్ను, కొయ్యాలి. ఒక్క థెరపిస్టు అయితే 40,000, గొడవ లేదు. ఇద్దరిని ఒకే సూపర్‌వైజర్‌కు అప్పగించారా, 80,000, పరిధిలోకి వచ్చేశారు. కొయ్యకపోతే తర్వాత వడ్డీతో సహా సంస్థ నెత్తిన పడుతుంది.

సూపర్‌వైజర్ ఎవరు కాకూడదు? స్కాలర్‌షిప్పు తీసుకునే అమ్మాయి పనిచేసే క్లినిక్కు యజమాని. ఎందుకు? జీతం ఇచ్చే మనిషి ముందు "నిన్న సెషన్ పాడుచేశాను మేడం" అని ఎవరు చెబుతారు? మంచి సెషన్లే పట్టుకొస్తారు. అప్పుడు మీరిచ్చే డబ్బుతో జరిగేది సూపర్‌విజన్ కాదు, జీతం రివ్యూ. చిన్న ఊళ్లలో వేరే మనిషి దొరకడం కష్టం, తెలుసు. వీడియో కాల్ ఉంది కదా. రాజమండ్రిలో ఉన్నమ్మాయికి వరంగల్ నుంచి చెప్పొచ్చు.

రికార్డింగు చెయ్యాలంటే పేషెంటు రాతపూర్వక సమ్మతి, అదీ తెలుగులో, సంతకానికి ముందు చదివి వినిపించాలి. పిల్లలైతే తల్లిదండ్రులది. విన్నాక చెరిపెయ్యాలి. వాట్సాప్‌లో పంపుకోకూడదు. మానసిక చికిత్స అయితే 2017 చట్టం 23వ సెక్షన్ గోప్యత హక్కు ఇచ్చింది, మీ స్కాలర్‌షిప్పు దాన్ని తొక్కుకుంటూ నడవకూడదు. ప్రతి సూపర్‌విజన్ గంటకూ ఒక లాగ్ పుస్తకం రాయాలి. అందులో ఏముండాలి? తేదీ, ఎంతసేపు, ఏ రకం సమస్య గురించి మాట్లాడారు, వచ్చే వారానికి ఏం మార్చుకోవాలనుకున్నారు, ఇద్దరి సంతకాలు. పేషెంటు పేరు, ఊరు, వృత్తి, ఏవీ వద్దు. దాతలు ఏడాది చివర "మా డబ్బుతో ఎవరికి నయమైందో చెప్పండి, ఫొటో పంపండి" అంటారు. ఆ కోరిక అర్థమవుతుంది. కానీ పంపకూడదు, మీరూ అడగకూడదు. ఎన్ని గంటలు, ఎన్ని వారాలు హాజరు, ఏ నైపుణ్యం మెరుగుపడింది, అంతవరకే.

ఫిజియోథెరపీ దగ్గర ఒక్క మాట. అక్కడ వర్క్‌షాపుల బెడద ఎక్కువ. రెండు రోజులు హోటల్లో పెడతారు, టేపు అంటించడమో, ఏదో పేరున్న పద్ధతో నేర్పుతారు, సర్టిఫికెట్టు ఇస్తారు. కుర్రాళ్లు వాటి మీద వేలకు వేలు పోస్తారు, బోర్డు మీద పేరు పక్కన అక్షరాలు పెరుగుతాయని. మీ స్కాలర్‌షిప్పు వాటికి వద్దు. అదే డబ్బుతో ఒక సీనియర్ పక్కన నెలకు నాలుగు పూటలు నిలబడి, పక్షవాతం వచ్చిన మనిషిని మంచం మీంచి కుర్చీలోకి ఎలా మారుస్తారో, చెయ్యి ఎక్కడ వేస్తారో, ఎక్కడ వెయ్యకూడదో చూసి చేస్తే చాలు. చచ్చుబడిన చెయ్యి పట్టి లాగితే భుజం దెబ్బతింటుంది. అది పుస్తకంలో అందరూ చదివినదే. అయినా వార్డులో తొందరలో లాగుతూనే ఉంటారు.

ఎంపిక గురించి త్వరగా ముగిస్తాను, టీ వచ్చేసినట్టుంది. ఫారం రెండు పేజీలు దాటనివ్వకండి, తెలుగులో నింపే వీలుండాలి. ముగ్గురు చూడాలి: అదే వృత్తిలో ఉన్నవాళ్లు ఇద్దరు, కుటుంబం నుంచి ఒకరు. కుటుంబసభ్యులకు ఓటు ఉండొచ్చు, వీటో వద్దు. తెలిసినవాళ్ల పిల్లలు దరఖాస్తు చేస్తే ఆ సభ్యులు ఆ రోజు గదిలో ఉండకూడదు. ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా పెట్టండి: "ఈ ఆరు నెలల్లో మీకు చేతకాని సెషన్ ఒకటి చెప్పండి, పేషెంటు వివరాలు లేకుండా." జవాబులో మనిషి తెలిసిపోతాడు. "అలాంటిదేమీ లేదు" అని రాసినవాళ్లను పక్కన పెట్టండి. "మీ జీవితంలోని కష్టాల గురించి రాయండి" అన్న ప్రశ్న పెట్టకండి. పేదరికానికి ఆదాయ ధ్రువపత్రం ఉంది, కన్నీళ్లు పెట్టించి వ్యాసం రాయించనక్కర్లేదు. మానసిక ఆరోగ్యంలో పనిచేసేవాళ్లలో కొందరు తామూ ఏదో ఒకటి దాటి వచ్చినవాళ్లే, అది వాళ్ల సొంత సంగతి.

బాండు రాయించుకోవాలా, రెండేళ్లు ఇక్కడే పనిచేస్తామని? వద్దు. దాన్ని పట్టుకుని కోర్టుకెళ్లేదెవరు? భయపడేది మాత్రం పేదింటి పిల్లలు, వాళ్లే దరఖాస్తు మానేస్తారు. మధ్యలో మానేస్తే మిగిలిన విడతలు ఆగిపోతాయి, అంతే. ప్రసవానికో, ఇంట్లో జబ్బుకో ఆగితే ఏడాదిలోపు మళ్లీ అందుకోవచ్చు అని రాయండి. ఈ వృత్తిలో ఎక్కువమంది ఆడపిల్లలు, ఆ వయసులోనే పెళ్లీ ప్రసవం వస్తాయి. ఈ ఒక్క వాక్యం లేక మంచి థెరపిస్టులు జారిపోతారు.

పేరు. స్మారకం కదా, పేరు ఉండాలి. ప్రకటనలో వారెవరో, ఏం పని చేశారో నాలుగు వాక్యాల్లో రాయండి. ఎలా పోయారో రాయనక్కర్లేదు. ముఖ్యంగా ఆ మరణం ఆత్మహత్య అయితే, ఎలా అన్నది ఎక్కడా రావద్దు, చదివేవాళ్లలో ఎవరు ఏ స్థితిలో ఉంటారో మనకు తెలియదు. ప్రకటన అడుగున ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 వేయండి, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు. ఇక ఎంపికైనవాళ్లను ప్రతి వర్ధంతికీ రప్పించి మాట్లాడించకండి. మొదటి ఏడాది ఒక ఉత్తరం చాలు. రావాలనిపిస్తే వాళ్లే వస్తారు.

నమూనా ఫారం, ఒప్పందం ముసాయిదా, సమ్మతి పత్రం బయట బల్ల మీద ఉన్నాయి, తలా ఒకటి తీసుకోండి. ఫారం రెండో పేజీలో "రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరి" అని పడింది, అది అచ్చుతప్పు. కొట్టేసి పక్కన "దరఖాస్తు చేసినట్టు రుజువు ఉన్నా చాలు" అని రాసుకోండి. కలాలు లేనివాళ్లకు టీ దగ్గర ఇస్తారు.